కొలెస్ట్రాల్ రిపోర్ట్ పట్టుకొని వచ్చినోళ్లకు సమజ్ అయ్యేటట్టు ఎట్ల చెప్పాలె

నేను నల్గొండ జిల్లాల ఒక దవాఖానల స్టాఫ్ నర్సును, బీపీ షుగర్ ఓపీ దగ్గర కూసుంట, అంతకుముందు కొన్నేండ్లు పాలమూరు దిక్కు చేసిన. ఇది కొత్తగ డ్యూటీలకు వచ్చిన నర్సులు, ఏఎన్ఎంలు, ఆశలు, మెడికల్ షాపుల కూసునేటోళ్ల కోసం రాస్తున్న, ఇంట్ల అమ్మకో నాయనకో కొలెస్ట్రాల్ ఉన్నోళ్లు చదివినా పనికొస్తది.

మొదాలు ఒక సంగతి చెప్త. ఒక కాక, యాభై ఎనిమిదేండ్లు, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటరు గద, అది) 172 వచ్చింది, డాక్టర్ సార్ గోలీ రాసిండు, మూడు నెలలకు మళ్ల టెస్ట్ చేస్తె 84కు దిగింది, నేనే రిపోర్ట్ చూసి "మంచిగొచ్చింది కాకా, నార్మల్ ఉంది" అని చెప్పి పంపిన. ఆయన ఇంటికి పోయి గోలీలు బంద్ పెట్టిండు. నాలుగు నెలల తర్వాత వేరే పని మీద దవాఖానకు వస్తె టెస్ట్ చేయించినం, 169. "నార్మల్ అన్నవ్ గద బిడ్డా, రోగం పోయినంక గోలీ ఎందుకని ఆపిన" అన్నడు. ఆయన తప్పేం లేదు, జ్వరం తగ్గితె గోలీ ఆపుతం, ఆయన గదే చేసిండు. గోలీ ఏసుకుంటున్నందుకే 84 వచ్చింది, ఆపితె మళ్ల ఎక్కుతది అనే ముక్క నేను ఆ రోజు చెప్పలే. అప్పటిసంది ప్రతి పేషెంట్‌కు అన్నిటికన్న ముందు గీ ముక్కనే చెప్తున్న, మీరు గూడ ఇంకేం చెప్పకున్నా ఇదొక్కటి చెప్పకుంట పంపకుండ్రి.

చెప్పే ముందు అడగాలె. రిపోర్ట్ చేతిలకు తీసుకోంగనే మనం ఉపన్యాసం మొదలుపెడ్తం, అట్ల కాకుంట "కాకా, కొలెస్ట్రాల్ అంటె నువ్వేం అనుకుంటున్నవ్" అని అడుగుండ్రి, ఒక్క నిమిషం గూడ పట్టది. వచ్చే జవాబులు దాదాపు ఒక్కతీరే ఉంటయి. "నేను బక్కగున్న, నాకు కొవ్వెట్ల వస్తది", "పొద్దంత పొలంల పని చేస్త", "నేను మాంసమే ముట్ట", "నాకేం తక్లీఫ్ లేదు, మంచిగనే ఉన్న". ఈ నాలుగిట్ల ఆ మనిషి మనసుల ఏది ఉందో తెలిస్తె దానికే జవాబు చెప్పాలె, లేకుంటె మనం చెప్పింది మొత్తం ఆ అనుమానం మీదికెళ్లి జారిపోతది.

బక్కగున్నోళ్లకు, మాంసం తిననోళ్లకు ఎట్ల వస్తదంటె, ఒంట్ల ఉండే కొలెస్ట్రాల్ల ఎక్కువ శాతం మన ఒళ్లే తయారు చేస్తది, ముఖ్యంగ కార్జం (లివర్), తిండితోని వచ్చేది తక్కువ. ఒంటికి అది కావాలె గూడ, కణాల గోడలకు, హార్మోన్లకు, తిన్నది అరిగించే పైత్యరసానికి అదే ముడిసరుకు. కొందరి కార్జం రక్తంలకెళ్లి ఎల్‌డీఎల్‌ను వెనక్కు గుంజుకునే పని సరిగ చేయది, అది అమ్మనాయనల నుంచి వచ్చిన గుణం, ఆ మనిషి పాపం చేసింది ఏం లేదు. ఈ మాట చెప్పంగనే మస్తుమంది మొఖం తేటపడ్తది, ఎందుకంటె "నా తిండితోనే తెచ్చుకున్న" అని సిగ్గుపడుకుంట వస్తరు.

ఇగ తక్లీఫ్ ఏం లేదు అనేటోళ్లకు నేను డ్రిప్పు పైపు కథ చెప్త. మా దిక్కు బత్తాయి తోటలు మస్తు, బోరు నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, డ్రిప్పు పైపులల్ల తెల్లగ ఉప్పు పట్టుకుంట పోతది గాని పైకి పైపు కొత్తదాని లెక్కనే కనవడ్తది, నీళ్లు గూడ వస్తనే ఉంటయి, ఒకనాడు చెట్టు వాడినంక గని తెల్వది. రైతుకు ఇంతకన్న ఎక్కువ చెప్పే అవసరమే పడది. ఆడోళ్లకైతె నీళ్లు కాగబెట్టే గిన్నెకు అడుగున తెల్లగ పొర పడ్తది గద, అది చెప్త.

కాని ఈ పోలిక చెప్పినంక ఒక ప్రశ్న తప్పకుంట వస్తది, రెడీగ ఉండుండ్రి. "పైపులల్లకు యాసిడ్ పట్టించి కడుగుతం గద, అట్ల కడిగే మందు లేదా?" లేదు. వెల్లుల్లి రసం, నిమ్మకాయ అల్లం కషాయం తాగితె రక్తనాళాలు శుభ్రమైతయని ఫోన్లల్ల వీడియోలు తిరుగుతయి, వాటితోని పేరుకున్నది కడుక్కపోది. రక్తనాళంల కొవ్వు పైపుల ఉప్పు లెక్క లోపలి పైన అంటుకోది, గోడ లోపలికి పోయి కూసుంటది, మీద సన్నని పొర ఉంటది. ఆ పొర పగిలిననాడు అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాలల్ల నాళం మూసుకపోతది, గదే గుండెపోటు, మెదడుకు పోయే నాళంల అయితె పక్షవాతం. సగం మూసుకపోయిన నాళం గూడ నొప్పి చూపెట్టకపోవచ్చు. గోలీ చేసే పని ఏందంటె కార్జంల కొలెస్ట్రాల్ తయారీ తగ్గిస్తది, అప్పుడు కార్జానికి కరువొచ్చి రక్తంలున్న ఎల్‌డీఎల్‌ను గుంజుకుంటది, కొత్తగ పేరుకునేది తగ్గుతది, ఉన్నదాని మీది పొర గట్టిపడ్తది. కడగది, పగలకుంట కాపాడ్తది. ఇట్ల చెప్తె "జీవితాంతం ఎందుకు ఏసుకోవాలె" అనే ప్రశ్నకు గూడ అదే జవాబైతది.

రిపోర్ట్ చదివి చూపెట్టేటప్పుడు నా తీరు ఇది. మొత్తం కొలెస్ట్రాల్ అని పైన పెద్దగ రాసి ఉంటది, అందరి కన్ను దాని మీదనే పడ్తది, నేను వేలు పెట్టి ఎల్‌డీఎల్ దగ్గరికి తీసుకపోత, "ఇది చూడు, నాళాలల్ల పేరుకునేది ఇదే" అని. హెచ్‌డీఎల్, అంటె మంచి కొలెస్ట్రాల్, మగోళ్లకు 40 కన్న, ఆడోళ్లకు 50 కన్న ఎక్కువ ఉండాలె, తక్కువుంటె దాన్ని పెంచే గోలీ కోసం తిరిగేది లేదు, నడక, బీడీ బంద్, బరువు తగ్గుడు, గంతే. ట్రైగ్లిజరైడ్స్, అంటె రక్తంల ఉండే ఇంకో జాతి కొవ్వు, 150 లోపల ఉండాలె, 500 దాటితె గుండె సంగతి ఎట్లున్నా ముందు క్లోమం వాస్తదని భయం, అసుంటి రిపోర్ట్ వస్తె లైన్ల నిలబెట్టకుంట అదే రోజు డాక్టర్‌కు చూపెట్టాలె.

ఇంకో సంగతి చానమందికి తెల్వది, చాల ల్యాబులల్ల ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్క కడ్తరు. మొత్తంలకెళ్లి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌ను 5తోని భాగించి అది గూడ తీసేస్తరు. మొత్తం 238, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 240 అనుకోండ్రి, 238లకెళ్లి 38 పోను 200, అందులకెళ్లి 48 పోతె 152. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితె ఈ లెక్క తప్పుతది, అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయించాలె. పరగడుపున రావాల్నా అని అడుగుతరు, మామూలుగ చూసేటందుకు అక్కర్లే, తిని వచ్చినా నడుస్తది, ట్రైగ్లిజరైడ్స్ మరీ ఎక్కువొస్తె మాత్రం 10, 12 గంటలు తినకుంట మళ్ల ఇయ్యాలె. మర్రిగూడ దిక్కున్న ఒక ముసలవ్వ షుగర్ గోలీ ఏసుకొని, తినకుంట రెండు బస్సులు మారి వచ్చి మా వరండల కళ్లు తిరిగి పడ్డది, అందుకే అందరినీ పరగడుపున రమ్మని ఊరికెనే చెప్పకుండ్రి. మీ ఊరి దవాఖానల రక్తం ఇచ్చినా శాంపిల్ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పోతది, పైసలు పడయి, రిపోర్ట్ ఫోన్లకు వస్తది, ఇది గూడ చెప్పుండ్రి, ప్రైవేట్ల పైసలు పెట్టుకునేటోళ్లు ఇంక మస్తుమంది ఉన్నరు.

ల్యాబ్ కాయితం మీద పక్కన అచ్చేసిన నార్మల్ అందరికీ ఒక్కటే, మనుషులు ఒక్కతీరు ఉండరు. వేరే ఏ రోగం లేనోళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపల ఉంటె మంచిది, షుగర్ ఉండి బీపీ గిట్ల తోడైనోళ్లకు 70 లోపల, గుండెపోటు వచ్చినోళ్లకు, స్టెంట్ పడ్డోళ్లకు, పక్షవాతం వచ్చినోళ్లకు 55 లోపల ఉండాలంటరు. స్టెంట్ ఏసుకున్న మనిషి 98 చూసి "నార్మలే" అని మురుసుకుంట పోతడు, ఆయనకు అది ఎక్కువే. కాబట్టి డాక్టర్‌ను అడిగి ఆ మనిషి నంబర్ ఎంతనో ఓపీ చీటీ మీద పెన్నుతోని పెద్దగ రాసి చుట్టూ గీత గియ్యుండ్రి. నేను "మీ నంబర్ 70" అని రాస్త, ఆయన తర్వాత వచ్చినప్పుడు కాయితం తెరిచి తనే చూసుకుంటడు.

మందు మొదలుపెట్టే ముందు థైరాయిడ్ టెస్ట్ అయ్యిందా లేదా చూడుండ్రి, థైరాయిడ్ తక్కువుంటె కొలెస్ట్రాల్ ఎక్కుతది, దానికి మందిస్తె ఇది గూడ దిగుతది. నడివయసు ఆడోళ్లల్ల ఇది మస్తు కనవడ్తది, అలుపు, బరువు, జుట్టు రాలుడు, అన్నిటినీ "వయసు" అని తోసేస్తరు.

ఇగ నొప్పుల ముచ్చట, దీని మీద జర ఎక్కువ చెప్త, ఎందుకంటె మా జిల్లాల గోలీలు ఆగిపోయేది ఎక్కువ గిక్కడనే. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అసుంటి గోలీలతోని కొందరికి కండల నొప్పులు వస్తయి, అంటె తొడలు, భుజాలు, పిక్కల కండలు. కాని మునుగోడు, మర్రిగూడ దిక్కు ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దోళ్లకు కీళ్లు బిగుసుకపోయి, నడుము వంగక, నొప్పులు ముందునుంచే ఉంటయి, కృష్ణా నీళ్లొచ్చినా ఎముకలల్ల పట్టింది అంత తొందరగ పోది. నాట్లేసే దినాలల్ల ఆడోళ్లకు తొడలు పట్టేసుడు వేరే. కొత్త గోలీ మొదలైన నెలల నొప్పులుంటె నెపం మొత్తం గోలీ మీద పడ్తది. అందుకే మొదటి గోలీ ఇచ్చేనాడే "ఇప్పుడు నీకు ఎక్కడెక్కడ నొప్పులున్నయి పెద్దమ్మా" అని అడిగి చీటీ వెనక రాయుండ్రి, మోకాళ్లు, నడుము, ఎడమ భుజం అని. తర్వాత వచ్చి నొప్పులంటె ఆ చీటీ తిప్పి చూస్తె పాతదా కొత్తదా తెలుస్తది. గోలీతోని వచ్చే నొప్పి మామూలుగ రెండు దిక్కుల ఒక్కతీరు, కీలుల కాకుంట కండలల్ల, మందు మొదలుపెట్టిన కొన్ని వారాలల్ల గాని డోసు పెంచినంక గాని వస్తది. అట్లైతె డాక్టర్ డోసు తగ్గిస్తడు, లేదా వేరే గోలీకి మారుస్తడు, మొత్తం ఆపేసుడు చాల తక్కువ. నొప్పి మస్తు ఉండి, లేవలేకపోయి, ఒంటేలు నల్ల చాయ్ రంగుల వస్తె మాత్రం గోలీ ఆపి అదే రోజు రావాలె, ఇది అరుదు గాని తప్పకుంట చెప్పి పంపుండ్రి.

లివర్ ఖరాబైతదని భయపడ్తరు, మొదలుపెట్టే ముందు ఒకసారి లివర్ టెస్ట్ చూస్తరు, నిజంగ దెబ్బతినేది చాల అరుదు. షుగర్ కొద్దిగ పెరగొచ్చు, అది దాచకుండ్రి, కాని గుండెకు అయ్యే మేలు దానికన్న పెద్దది. పెద్ద గోలీ కెమికల్ అని భయపడే ఒక సార్‌కు, రిటైర్ టీచర్, నేను చెప్పిన, సార్ మీకు తెలుసా, ఈ జాతి మందును 1970లల్ల జపాన్‌ల అకిరా ఎండో అనే సైంటిస్టు బూజులకెళ్లి పట్టిండు, మొదటిది 1987ల బజార్లకు వచ్చింది, అంటె ఇన్నేండ్లు కోట్లమంది ఏసుకున్న మందు ఇది అని. ఆయన నెక్స్ట్ వీక్ వచ్చి ఇంకా నాలుగు ప్రశ్నలు అడిగిండు, నాకు సంతోషమైంది, అడిగేటోళ్లు మందు ఆపరు.

పెండ్లై పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు డాక్టర్‌కు ముందుగాలనే చెప్పాలె, గర్భంల ఈ గోలీలు మామూలుగ ఆపుతరు. ఇంకోటి, కొన్ని యాంటీబయాటిక్‌లు, తామరకు ఇచ్చే కొన్ని ఫంగస్ గోలీలు దీంతోని కలిస్తె కండలకు దెబ్బ, కాబట్టి ఊర్ల ఆర్ఎంపీ దగ్గరికి పోయినా, మెడికల్ షాపుకు పోయినా ఈ గోలీ షీటు చూపెట్టాలె.

అటోర్వా, రోసువా ఏ టైంల ఏసుకున్నా ఒక్కటే, రాత్రే ఏసుకోవాలని లేదు. రాత్రి మర్చిపోయేటోళ్లకు పొద్దున బీపీ గోలీతోని కలిపి పెట్టుండ్రి. పాలమూరు దిక్కు ఉన్నప్పుడు వేరే కష్టం చూసిన, ముంబై పూణె బిల్డింగ్ పనులకు పోయేటోళ్లు నెల గోలీలు తీసుకపోయి అయిపోయినంక ఆరు నెలలు లేకుంట ఉంటరు. అసుంటోళ్లకు ఎన్నాళ్లకు తిరిగొస్తరో అడిగి అన్ని దినాలకు సరిపోను ఇప్పించాలె, షీటు ఫోటో వాళ్ల ఫోన్లనే తీసిపెట్టాలె, అక్కడ జన్ ఔషధి షాపుల పేరు చూపెడితె తక్కువకు దొరుకుతదని చెప్పాలె.

తిండి గురించి చెప్పేటప్పుడు ఓట్స్, ఆలివ్ ఆయిల్ అని అచ్చేసిన చార్ట్ ఇయ్యకుండ్రి, అది ఇంటికి పోయేలోపల బస్సులనే చేయి తుడుసుకునే కాయితం అయితది. "నిన్న పొద్దుగాల లేచినకాడికెళ్లి ఏమేం తిన్నవ్" అని అడుగుండ్రి, మార్చాల్సింది దాంట్లనే ఉంటది. తర్వాత "ఇంట్ల ఎంతమంది, నెలకు నూనె ప్యాకెట్లు ఎన్ని" అని అడుగుండ్రి. మనిషికి నెలకు అర లీటరు అనుకుంటె నలుగురికి రెండు లీటర్లు, మా దగ్గర ఐదు ఆరు అని చెప్తరు. పామాయిల్‌ల దాదాపు సగం గడ్డకట్టే జాతి కొవ్వు, పల్లినూనెల దాదాపు ఐదో వంతే, కాబట్టి ఏ నూనె అంటె పల్లి, పొద్దుతిరుగుడు, తవుడు నూనె మార్చి మార్చి వాడుమంట, కాని తక్కువ. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ ఫ్రీ" అని చూసి ఎక్కువ పోస్తరు, గింజల నూనె దేంట్లనూ కొలెస్ట్రాల్ ఉండది, పామాయిల్‌ల గూడ లేదు, కార్జాన్ని ఎక్కువ తయారు చేసేటట్టు చేసేది ఆ గడ్డకట్టే కొవ్వు. మిర్చిబజ్జి బండి మీద మళ్ల మళ్ల కాగిన నల్ల నూనె సంగతి గూడ చెప్పుండ్రి.

మాంసం పూర్తిగ బంద్ అనకుండ్రి, కురుమూర్తి జాతరకు, పెద్దగట్టుకు పోయినోళ్లు యాట కోసినంక తినకుంట ఉంటరా, మన మాట మీద నమ్మకం పోతది, అంతే. బోటి, తలకాయ, కార్జం, కొవ్వు ముక్కలు పక్కకు పెట్టి నాలుగు మెత్తటి ముక్కలు తిను, దావత్ రోజు తిను, వారంల మూడుసార్లు తినేది ఒకసారికి తే అని చెప్త. చెరువు చేపలు పులుసు పెట్టుకుంటె మంచిదే, నూనెల వేయించేదే వద్దు. కోడిగుడ్డు రోజుకొకటి చాలమందికి ఫికర్ లేదు, షుగర్ గాని గుండె రోగం గాని ఉన్నోళ్లు డాక్టర్‌ను అడిగి తినాలె. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నోళ్లకు మాత్రం మాంసంకన్న కుప్ప అన్నం, రోజుకు ఆరు చాయ్‌ల చక్కెర, తాగుడు, ఇవే అసలు కారణం. రాత్రి పూట జొన్న రొట్టె రెండు, పుంటికూర పప్పు గాని గోరుచిక్కుడు గాని, బెబ్బర్లు, ఉలవలు, ఇవన్నీ మన అమ్మమ్మలు తిన్నయే, పీచు కొలెస్ట్రాల్‌ను పేగుల పట్టుకొని బయటికి తీసుకపోతది. పల్లీలు ఒక గుప్పెడు, ఉప్పు లేకుంట. బత్తాయి రసం పిండి చక్కెర కలిపే బదులు తొనలు తినాలె.

ఇవన్నీ చేసినా తిండితోని ఎల్‌డీఎల్ పది పదిహేను శాతం దిగుతది, మంచి డోసు గోలీతోని సగానికి దిగుతది, ఈ లెక్క దాచకుంట చెప్పుండ్రి. 180 ఉన్న మనిషి "ఆర్నెల్లు పథ్యం చేసి చూస్త" అంటె ఆశ మంచిదే గాని 70కి రాదు, ఆయన పథ్యం చేసి చేసి ఓడిపోయిన అనుకుంటడు. నడక గూడ అంతే, ట్రైగ్లిజరైడ్స్‌కు మంచి మందు, ఎల్‌డీఎల్‌కు కొంచెమే.

కల్లు గురించి తిట్టకుండ అడగాలె, తిడితె అబద్ధం చెప్తరు. ఒక జాగ్రత్త మాత్రం చెప్త, కల్తీ కల్లుకు అలవాటు పడ్డ మనిషిని "రేపటిసంది బంద్ చెయ్" అనకుండ్రి, అందుల మత్తుమందు కలిపి ఉంటె ఒక్కసారి ఆపినప్పుడు ఫిట్స్ వస్తయి, మతి తప్పినట్టు చేస్తరు, పాలమూరుల నా కండ్లార చూసిన. డాక్టర్‌తోని మాట్లాడి మెల్లగ తగ్గించాలె.

ఛాతిల బరువు పెట్టినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యికి దవుడకు లాగుడు వస్తె గ్యాస్ అని సోడా తాగకుంట 108కు ఫోన్, ఇది ఇంట్లోళ్లకు గూడ వినపడేటట్టు చెప్పాలె.

చెప్పుడు అయినంక వాళ్లతోని తిరిగి చెప్పించుండ్రి, "సమజ్ అయ్యిందా" అంటె అందరూ అయ్యిందనే అంటరు. నేను "పెద్దమ్మా, ఇంటికి పోయినంక కోడలు అడుగుతది గద, ఈ గోలీ దేనికి, ఎన్నాళ్లని, ఏం చెప్తవ్" అంట. తప్పు చెప్తె నేను సరిగ చెప్పలేదనుకొని మళ్ల చెప్త. 6 నుంచి 12 వారాలల్ల మళ్ల టెస్ట్, తేదీ చీటీ మీద రాసి, పాత రిపోర్ట్ తెమ్మని చెప్పాలె, రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూపెడితె వేరే మాటలు అక్కర్లే.

మొదాలు చెప్పిన ఆ కాకకు గూడ అట్లనే రెండు కాయితాలు, 84ది, 169ది పక్కపక్కన పెట్టిన. కొద్దిసేపు చూసి "అంటె దిగింది నేను కాదు, గోలీ దించింది" అన్నడు. అప్పుడు ఇంట్లోళ్ల గురించి అడిగిన, వాళ్ల అన్న యాభై దాటకముందే గుండెపోటుతోని పోయిండట. మగోళ్లకు 55 లోపల, ఆడోళ్లకు 65 లోపల ఇంట్ల ఎవరికన్న గుండెపోటు వచ్చి ఉంటె, లేదా పేషెంట్ ఎల్‌డీఎల్ 190 దాటితె, పిల్లలను, తోడబుట్టినోళ్లను పిలిచి టెస్ట్ చేయించాలె, పిల్లల వయసు ఇరవై ఉన్నా సరే. కంటి రెప్పల మీద పసుప్పచ్చ మచ్చలుంటె గూడ అట్లనే. కాక ఆ వారంలనే ఇద్దరు కొడుకులను తీసుకొచ్చిండు. చిన్నోడిది 104, పెద్దోడు ఆటో నడుపుతడు, 34 ఏండ్లు, బక్కగ ఉంటడు, 196 వచ్చింది. "నాకేం తక్లీఫ్ లేదు గద సిస్టర్" అన్నడు, నేను నోరు తెరిచేలోపల కాకనే కొడుకు పక్కన కూసొని డ్రిప్పు పైపు సంగతి మొదలుపెట్టిండు.